డిఫ్ లాక్ విరగదు, దాని చుట్టూ ఉన్నవే విరుగుతాయి

నమస్కారం. ఈ నెలలో నన్ను ఎక్కువ మంది అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, కంపెనీ నుంచి వచ్చిన డిఫ్ లాక్ గట్టిగా నిలబడుతుందా, లేక తీసేసి బయట దొరికే లాకర్ వేయించుకోవాలా?" జవాబు చెప్పే ముందు నేనూ ఒకటి అడగాలి. మీ బండిలో ఉన్నది ఏ రకం? 2020లో వచ్చిన మూడు తలుపుల థార్ తీసుకోండి, ఫోర్స్ గూర్ఖా తీసుకోండి. రెండింటిలోనూ ఉన్నది డిఫరెన్షియల్ లాకే, అంటే ఒకే ఇరుసు మీది రెండు చక్రాలూ కలిసి తిరిగేలా బిగించే డిఫ్ లాకే. కానీ ఒకటి చెడిపోయే తీరుకు, ఇంకొకటి చెడిపోయే తీరుకు పోలికే లేదు.

మామూలు డిఫరెన్షియల్ సంగతి మీకు తెలిసిందే. రెండు చక్రాలకూ సమానంగా బలం పంచుతుంది. ఒక చక్రం గాలిలోకి లేచిందంటే దాన్ని తిప్పడానికి బలమే అక్కర్లేదు, కాబట్టి నేల మీద ఉన్న చక్రానికీ ఏమీ అందదు. లాక్ పడితే రెండు హాఫ్ షాఫ్టులూ (డిఫరెన్షియల్ నుంచి ఒక్కో చక్రానికి వెళ్లే కడ్డీలు) ఒకే కడ్డీలా తిరుగుతాయి.

థార్‌లో చాలా బండ్లకు వెనక ఇరుసులో వచ్చింది ఈటన్ అనే కంపెనీ వారి మెకానికల్ లాక్. దానికి మీట ఉండదు, స్విచ్చీ ఉండదు. కొత్త వస్తువేమీ కాదు, దీని మూలరూపం 1973 నుంచే అమెరికాలో జనరల్ మోటార్స్ పికప్ ట్రక్కుల్లో ఉంది. అక్కడి వాళ్లు దీనికి పెట్టిన ఎగతాళి పేరు 'గవ్ బాంబ్'. గవర్నర్ అనే చిన్న భాగం లోపల పేలిపోతుందని ఆ పేరు.

ఆ గవర్నర్ పని చూస్తే పేరు ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. రెండు చక్రాల వేగాల మధ్య తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటగానే గవర్నర్‌లోని చిన్న బరువులు విచ్చుకుంటాయి, ఒక కొక్కేనికి తగులుకుంటాయి. దాంతో ఒక క్యామ్ పలక ఆగిపోయి, క్లచ్ పలకలను ఒత్తి, ఇరుసును బిగిస్తుంది. ఇదంతా రెప్పపాటులో జరుగుతుంది. బండి కదలకుండా ఒక చక్రమే తిరుగుతోందంటే, అది సెకనుకు రెండు చుట్ల లోపే లాక్ పడిపోవాలి. అంటే యాక్సిలరేటర్‌ను మెల్లగా నొక్కి, ఆ 'టక్' అనే చప్పుడు కోసం ఆగితే చాలు.

మనం ఆగం కదా! నల్లరేగడిలో దిగబడగానే పాదం నేలకు తాకేదాకా తొక్కుతాం. చక్రం గిర్రున తిరుగుతుండగా లాక్ పడుతుంది, ఆ వేగమంతా ఒక్క దెబ్బగా ఆ చిన్న కొక్కెం మీదా, పళ్ల మీదా పడుతుంది. నాకు తెలిసిన ఒకాయన బండిలో ఇదే జరిగింది. ఇరుసు హౌసింగ్ విప్పితే ఇనుప ముక్కలు నూనెలో కలిసి ఉన్నాయి. ఆయన బండిని తిట్టారు. నేను మాత్రం ఆయన కాలి వైపు చూశాను.

గూర్ఖాలో ముందూ వెనకా విడివిడిగా లాక్ వేసుకునే ఏర్పాటు ఉంది. ఎప్పుడు వేయాలో డ్రైవరే నిర్ణయిస్తాడు, చక్రాలు తిరగకముందే వేసుకోవచ్చు, కాబట్టి ఆ దెబ్బ ఉండదు. ఈ జాతి లాకులకు వేరే జబ్బు ఉంది: వాడకపోవడం. టొయోటా 80 సిరీస్ ల్యాండ్ క్రూజర్‌ను చూడండి. ఇరుసు లోపలి పళ్లు ముప్పై ఏళ్ల తర్వాత కూడా చెక్కుచెదరవు, కానీ లాకును జరిపే చిన్న మోటారులోకి తేమ చేరి, గ్రీజు ఎండి, తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. జీప్ రూబికాన్ కూడా 2003లో గాలి ఒత్తిడితో పనిచేసే లాకులతో మొదలై, 2007 తరం నుంచి విద్యుత్తుకు మారింది. పంపు, వైరు, సెన్సరు, ఇలా ఫిర్యాదులు ఎక్కువగా బయటి సామాను గురించే.

ఇక అసలు విరిగేది హాఫ్ షాఫ్ట్. లాక్ లేనప్పుడు ఒక్కో షాఫ్టు మీద సగం బలమే పడుతుంది. లాక్ వేసి, ఒక చక్రం గాలిలో, రెండోది రాళ్ల మధ్య ఇరుక్కుని ఉంటే, ఇరుసుకు వచ్చే బలమంతా ఆ ఒక్క షాఫ్టే మోయాలి. దానికి తోడు పెద్ద టైర్లు కూడా వేయించారా, భారం ఇంకా పెరుగుతుంది. ముందు ఇరుసు లాక్ చేసి స్టీరింగ్ పూర్తిగా తిప్పి తొక్కితే, తిరిగిన చక్రానికి బలం అందించే కీలు, సీవీ జాయింటు కూడా పోతుంది. అందుకే నా అభిప్రాయం ఇది: కంపెనీ కొలత టైర్లే ఉంటే కంపెనీ లాకును కదపకండి. పెద్ద టైర్లు వేస్తే, లాకర్ కంటే ముందు షాఫ్టుల మీద డబ్బు పెట్టండి.

నూనె మాట కూడా చెప్పాలి. వేడెక్కిన ఇరుసును వాగులో దింపితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. ఇరుసు గాలి పీల్చుకునే బ్రీదర్ గొట్టం మట్టితో మూసుకుపోయి ఉంటే సీళ్ల సందుల్లోంచి నీళ్లను పీల్చుకుంటుంది. ప్లగ్గు విప్పినప్పుడు నూనె పాలు కలిపిన టీలా కనిపిస్తే వెంటనే మార్చేయండి.

చేతితో వేసే లాక్ ఉన్నవాళ్లు నెలకోసారి వదులు మట్టి మీద లాక్ వేసి, తిన్నగా పది మీటర్లు నడిపి తీసేయండి. తీసినా డ్యాష్‌బోర్డు మీది లాక్ లైటు ఆరకపోతే కంగారు వద్దు, షాఫ్టులు మెలితిరిగి పళ్లు బిగుసుకుని ఉంటాయి. మీట మీద బలం చూపించకండి. రివర్స్ వేసి ఒక గజం వెనక్కి రండి, స్టీరింగ్ కాస్త అటూ ఇటూ ఆడించండి. చాలాసార్లు లాక్ దానంతట అదే విడిపోతుంది.