డబ్బు ఎన్ని చేతులు మారుతుంది?

శ్రోతలకు నమస్కారం.

పేదవాడి చేతిలో డబ్బు నిలవదని కొందరు పెదవి విరుస్తారు. నిజమే, నిలవదు. నన్నడిగితే అందులోనే దాని బలమంతా ఉంది. కలిగినవాడి ఖాతాలో పడిన సొమ్ము ఎంతకాలమైనా కదలకుండా ఉండగలదు. లేనివాడికి అందింది మాత్రం నాలుగు రోజులకే దర్జీకో, తాపీమేస్త్రీకో, దుకాణదారుకో చేరుతుంది. వాళ్లు కూడా దగ్గర్లోనే ఖర్చు పెడితే, ఒకరికిచ్చిన డబ్బు ముగ్గురికి ఆదాయమవుతుంది.

దీన్ని కెన్యాలో లెక్కగట్టి చూశారు. సియాయా ప్రాంతంలో 653 గ్రామాలను అధ్యయనానికి తీసుకుని, వాటిలో ఏ గ్రామాలకు సాయం అందాలో చీటీలు వేసినట్టు నిర్ణయించారు. ఎంపికైన చోట గడ్డికప్పు ఇళ్లలో ఉండేవారిని పేదలుగా గుర్తించి, సుమారు 10,500 కుటుంబాలకు ఒక్కో ఇంటికి దాదాపు 1,000 డాలర్లు ఇచ్చారు. తిరిగి కట్టనక్కరలేదు, ఫలానా దానికే వాడాలన్న షరతు కూడా లేదు. తరువాత ఇళ్లనూ, వ్యాపారాలనూ, అంగడి ధరలనూ సర్వే చేశారు. ఇచ్చిన ప్రతి డాలరుకూ ఆ ప్రాంతంలో సుమారు 2.5 డాలర్ల ఆర్థిక కార్యకలాపం జరిగినట్టు తేలింది. ఏమీ అందని ఇరుగుపొరుగు కుటుంబాల ఖర్చు కూడా పెరిగింది. మరి ధరలు? సగటున 0.1 శాతం పెరిగాయి, అంతే.

ధరలు మండిపోకపోవడానికి కారణం ఉంది. బేరాల్లేక ఖాళీగా కూర్చున్న దుకాణదారు కొత్త కొనుగోలుదారు వస్తే ధర పెంచడు, సరుకు అమ్ముకుంటాడు. రోజులో సగం సేపు ఆగి ఉండే పిండిమరకు ఇంకాస్త పని దొరుకుతుంది. అయితే సరుకే కొరతగా ఉన్న చోట ఇదే సాయం ధరల రూపంలో ఆవిరైపోవచ్చు. అందుకే నగదు పంపిణీని సర్వరోగ నివారిణిగా చూడలేను. చేతిలో డబ్బు పెట్టడం సగం పని, కొనదగినది దగ్గర్లో తయారు కావడం మిగతా సగం.

ఆ రెండో సగంలో ప్రభుత్వమే పెద్ద కొనుగోలుదారు. బ్రెజిల్ 2009లో ఒక చట్టం చేసింది. పాఠశాల భోజనానికి కేంద్రం ఇచ్చే నిధుల్లో కనీసం 30 శాతం కుటుంబ సేద్యం చేసే రైతుల ఉత్పత్తులకే వెచ్చించాలని అప్పుడు అందులో రాశారు. పిల్లల కడుపు నింపే డబ్బే చిన్న రైతుకు ఖాయమైన గిరాకీ అయింది. ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్ నగరానిది మరో దారి. 2011లో అక్కడ భారీ వాణిజ్య సముదాయం ప్రణాళిక కూలిపోయింది. బయటి పెట్టుబడి కోసం ఎదురుచూడటం మాని, నగరపాలక మండలి, స్థానిక విద్యాసంస్థ, పోలీసు విభాగం వంటివి తమ కొనుగోళ్ల చిట్టాలు తిరగేశాయి. 2012-13లో నగరంలోనే ఖర్చయింది దాదాపు 5 శాతం. నాలుగేళ్లలో అది 18 శాతానికి చేరింది. పన్ను రాయితీలిచ్చి పెద్ద కంపెనీని పిలవడం కంటే ఇది చవకైన మార్గమని నా నమ్మకం. కానీ ‘స్థానికుడు’ అనే మాట చాటున అధికారి బంధువుకు కాంట్రాక్టు దక్కే ప్రమాదం లేకపోలేదు. బిల్లులు బహిరంగంగా పెట్టకపోతే ఈ విధానం నాలుగు రోజుల్లో భ్రష్టుపడుతుంది.

సాయం ఆగే తీరు కూడా ముఖ్యమే. ఆదాయం ఒక హద్దు దాటగానే మొత్తం తెగిపోతే, ఎక్కువ పని దొరికినా మనిషి వెనుకాడతాడు. అమెరికాలో తక్కువ సంపాదనతో పనిచేసేవారికి పన్ను లెక్కలో అందే సాయం, అంటే 1975లో మొదలైన ఆర్జిత ఆదాయ పన్ను రాయితీ, ఒక్కసారిగా ఆగదు, సంపాదన పెరిగేకొద్దీ మెల్లగా తగ్గుతుంది.

చివరగా చెల్లింపుల సంగతి. సరుకిచ్చిన మూడు నెలలకు బిల్లు చెల్లిస్తే పెద్ద సంస్థ తట్టుకుంటుంది. చిన్న ఉత్పత్తిదారు మాత్రం ఆ మూడు నెలలూ వడ్డీకి అప్పు తెచ్చుకుంటాడు, రెండోసారి టెండరు వైపు చూడడు. అప్పుడు చట్టంలో ఎంత వాటా రాసి ఉన్నా, దాన్ని అందుకోవడానికి అతను ఉండడు.

నమస్కారం.