చేపలు లేని చేపల తొట్టె

సభకు నమస్కారం.

ఇంట్లో అక్వేరియం పెట్టుకోవడం గురించి మాట్లాడమని అడిగినప్పుడు నాకు మొదట గుర్తుకొచ్చింది రంగురంగుల చేపలు కాదు. ఒక్క చేప కూడా లేకుండా, దీపం వెలుగుతూ, ఫిల్టర్ నడుస్తూ, ఐదు వారాల పాటు మా ముందుగదిలో ఉండిపోయిన గాజు తొట్టె గుర్తుకొచ్చింది. ఇంటికి వచ్చినవాళ్లు దాని ముందు వంగి, రాళ్ల సందుల్లో వెతికి, చివరికి "చేపలేవండీ?" అని అడిగేవారు. "నీళ్లు ఇంకా తయారు కాలేదండీ" అంటే నవ్వేవారు. నీళ్లు కుళాయిలోనే తయారుగా ఉంటాయి కదా అని వాళ్ల ఉద్దేశం. అక్వేరియాన్ని చూసేవారికి కలిగే సంతోషం ఒకటి, పెంచేవారికి కలిగే సంతోషం మరొకటి. ఈ రెండోది ఆ ఖాళీ తొట్టె దగ్గరే మొదలవుతుందని నా నమ్మకం.

చేప తిన్న ఆహారంలోని మాంసకృత్తులు అరిగాక మిగిలే వ్యర్థం ఎక్కువ భాగం అమోనియాగా మారి, మొప్పల గుండా నీటిలోకి వస్తుంది. నదిలో అయితే అది అంత నీటిలో కలిసి జాడ లేకుండా పోతుంది. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్న తొట్టెను అంచుల దాకా నింపినా పట్టేది 54 లీటర్లే; ఇసుక, రాళ్లు పోగా అంత కూడా ఉండదు. అంత చిన్న చోట చేప తాను వదిలిన విషాన్ని తానే పీల్చవలసి వస్తుంది. దాన్ని కాపాడేది మనం కాదు, కంటికి కనిపించని సూక్ష్మజీవులు. ఒక జాతి అమోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. అది రక్తంలోకి చేరితే నీటిలో ఆక్సిజన్ ఎంత ఉన్నా రక్తం దాన్ని మోయలేదు, చేప ఊపిరాడక చనిపోతుంది. మరో జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ హాని అంతకన్నా చాలా తక్కువ. వారానికోసారి పావు వంతు నీళ్లు మారిస్తే, తొట్టెలో నాలుగు మొక్కలుంటే, అది అదుపులో ఉంటుంది. ఈ సూక్ష్మజీవులు ఫిల్టర్‌లోని స్పాంజ్ మీద, ఇసుక మీద, గాజు మీద పొరలా అంటుకుని పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీళ్లు తయారు కావడమంటే ఇదే.

ఆ వారాల్లో చేసే పని పెద్దగా ఉండదు. రోజూ చిటికెడు చేపల మేత వేసి, అమోనియా పుట్టేలా కుళ్లనివ్వడం, రెండు రోజులకోసారి చిన్న గాజు గొట్టంలో తొట్టె నీళ్లు తీసి, టెస్ట్ కిట్ సీసాలోంచి చుక్కలు లెక్కపెట్టి వేసి, ఐదు నిమిషాలు ఆగి రంగు చూడటం. నా దగ్గరున్న కిట్‌లో అమోనియా లేకపోతే నీళ్లు పసుపుగా ఉంటాయి, పెరిగే కొద్దీ ఆకుపచ్చలోకి దిగుతాయి. మొదటి పది రోజులు ముదురు ఆకుపచ్చే. తర్వాత ఒక సాయంత్రం ఆ ఆకుపచ్చ కాస్త పలచబడినట్టు అనిపించి, కాగితం మీది రంగుల పట్టీ పక్కన గొట్టం పెట్టి, కిటికీ దగ్గర ఒకసారి, దీపం కింద ఒకసారి చూసుకున్నాను. నిజంగానే పలచబడింది. అంటే నేను చూడలేని ప్రాణులేవో పనిలోకి దిగాయన్నమాట. చేప లేని తొట్టె ముందు ఒక మనిషి అంత సంబరపడటం ఇంట్లోవాళ్లకు వింతగా తోచింది కానీ, ఆ తర్వాత కొన్న ఏ చేపా నాకు అంత సంతోషాన్ని ఇవ్వలేదు.

ఈ జ్ఞానం నాకు ముందే ఉందనుకోకండి. అంతకు కొన్నేళ్ల ముందు పెట్టిన మొదటి తొట్టెలో, ఫిల్టర్ స్పాంజ్‌కు గోధుమరంగు జిగురు పట్టిందని, దాన్ని కుళాయి కింద పెట్టి, మురికంతా పోయేదాకా పిండి పిండి కడిగాను. కొత్తదానిలా మెరిసింది. మూడో రోజుకు చేపలన్నీ నీటి పైకి చేరి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. వారం తిరిగేసరికి రెండే మిగిలాయి. నేను మురికి అనుకుని వదిలించుకున్న ఆ జిగురే వాటి ప్రాణం. క్రిములను చంపడానికి కుళాయి నీటిలో కలిపే క్లోరిన్‌కు మంచి సూక్ష్మజీవి, చెడ్డ సూక్ష్మజీవి అన్న తేడా తెలియదు. ఇప్పుడు నీళ్లు మార్చేటప్పుడు తొట్టెలోంచి తీసిన నీళ్లనే బకెట్‌లో పట్టి, అందులో స్పాంజ్‌ను రెండుసార్లు ముంచి పిండి, మళ్లీ పెట్టేస్తాను. అది ఎప్పుడూ గోధుమరంగులోనే ఉంటుంది.

నిజానికి గాజు తొట్టె పుట్టింది అలంకారం కోసం కాదు, తెలుసుకోవాలన్న కుతూహలంతో. 1832లో జాన్ విల్‌ప్రూ పవర్ అనే ఫ్రెంచి మహిళ సిసిలీలో గాజు తొట్టెలు చేయించుకున్నది, ఆర్గోనాట్ అనే ఆక్టోపస్ జాతి జీవి తన గుల్లను తానే తయారు చేసుకుంటుందా, వేరే జీవి దగ్గర సంపాదిస్తుందా అని చూడటానికి. తానే తయారు చేసుకుంటుందని ఆమె నిరూపించారు. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త రెండు గోల్డ్ ఫిష్‌లను, రిబ్బన్ల లాంటి పొడవాటి ఆకులుండే వాలిస్‌నేరియా మొక్కలను ఒకే తొట్టెలో పెంచాడు. రాలిన ఆకులు కుళ్లి నీళ్లు పాడవుతుంటే, వాటిని తినడానికి నత్తలను తెచ్చి వేశాడు, నీళ్లు తేటపడ్డాయి. 1850లో తన పరిశీలనలను ప్రకటించాడు. చేప, మొక్క, నత్త కలిస్తే సమతూకం కుదిరిందని ఆయన అనుకున్నాడు. ఆ లెక్కలోని కనిపించని భాగస్వాములెవరో తేలడానికి నలభై ఏళ్లు పట్టింది. నైట్రైట్‌ను, నైట్రేట్‌ను తయారు చేసే సూక్ష్మజీవులను వినోగ్రాడ్‌స్కీ అనే శాస్త్రవేత్త వేరుచేసి చూపింది 1890 ప్రాంతంలో. ఆ కథ అక్కడితోనూ ఆగలేదు. అమోనియా నుంచి నైట్రేట్ దాకా మొత్తం పనిని ఒక్కటే చేసుకోగల సూక్ష్మజీవి ఉందని 2015లో రెండు బృందాలు ప్రకటించాయి. వాటిలో ఒక బృందానికి అది దొరికింది చేపల పెంపకంలో నీటిని శుద్ధి చేసే ఫిల్టర్‌లోనే.

గుండ్రటి గాజు గిన్నెలో ఒక్క గోల్డ్ ఫిష్‌ను వేసి బల్ల మీద పెట్టడం నాకు నచ్చదు. సరిగా చూసుకుంటే పదేళ్లకు పైగా బతికి, జానెడు పెరగగల చేప అది. పైగా నీటిలోకి ఆక్సిజన్ చేరేది పైభాగం నుంచి; గిన్నె మెడ దగ్గర ఆ పైభాగమే ఇరుకవుతుంది. ఎయిర్ పంప్ బుడగలు చేసే మేలు కూడా ముఖ్యంగా నీటి పైపొరను కదిలించడం వల్లనే. నీళ్లు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్‌ను తక్కువగా పట్టి ఉంచుతాయి: 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర. అందుకే ఎండాకాలంలో చేపలు ఇబ్బంది పడతాయి.

ఇక చూడటం దగ్గరికి వస్తాను. ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో ఒక పెద్ద అక్వేరియం తొట్టెను ఖాళీ చేసి మళ్లీ దశలవారీగా చేపలతో నింపుతున్నప్పుడు, పరిశోధకులు దాని ముందు నిలబడినవారి గుండె వేగాన్ని కొలిచారు. చేపలు లేని నీళ్లను చూసినా మనుషులు కొంత నెమ్మదించారు. జీవాలు పెరిగే కొద్దీ ఎక్కువసేపు నిలబడ్డారు, మనసు మరింత తేలికపడిందన్నారు. మా ఇంటి ఖాళీ తొట్టెను చూసి నవ్వినవాళ్లకు ఈ సంగతి చెప్పలేకపోయానే అని ఇప్పటికీ ఉంది. అయితే పెంచేవారి చూపు ఇంకో రకం. పొద్దున్నే దీపం వేయగానే, ఒంటి మీద నీలిగీత ఉండే నియాన్ టెట్రాలు అనే చిన్న చేపలు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. కొత్తవారైతే జబ్బు చేసిందని కంగారు పడతారు. ఆ నీలిగీత రంగుపొడి కాదు, చర్మకణాల్లోని సన్నని పలకల మీద వెలుతురు పడి మెరిసే మెరుపు. చీకట్లో అది మందగిస్తుంది, వెలుతురు వచ్చాక నెమ్మదిగా తిరిగి వస్తుంది. అలా తిరిగి వస్తుండగా చూడాలంటే దీపం వేసి అక్కడే కూర్చోవాలి.

మగ ఫైటర్ చేపను చూడండి. పైకి వచ్చి గాలి మింగి, నోటి జిగురుతో ఒక్కో బుడగను పేర్చి, తొట్టె మూలలో నురగ గూడు కడుతుంది. ఆడచేప గుడ్లు వదిలితే అవి కిందికి జారుతుంటాయి. మగచేప కిందికి దూకి, వాటిని నోటితో అందుకుని, పైకి తెచ్చి బుడగల్లో గుచ్చుతుంది. తర్వాత ఆడచేపను దగ్గరికి రానివ్వదు, కాపలా అంతా తనదే. గూటిలోంచి ఒక గుడ్డు రాలితే మళ్లీ దిగుతుంది, మళ్లీ తెస్తుంది. ఒక రాత్రి భోజనం సంగతి మరిచి, ఎన్నిసార్లు దిగిందో లెక్కపెడుతూ కూర్చున్నాను. నలభై దాటాక లెక్క తప్పింది.

ఒక్క హెచ్చరిక మాత్రం కటువుగానే చెబుతాను. పెంచలేకపోతే మరొకరికి ఇవ్వండి, కొన్న చోట అడగండి, కానీ చెరువులోనో కాలువలోనో వదలకండి. అక్వేరియాల కోసం తెచ్చిన గప్పీలు, గాజుకు నోరు అతికించి నాచు తినే క్యాట్‌ఫిష్‌లు ఎన్నో దేశాల నీళ్లలో స్థిరపడి, అక్కడి చేపలకు చోటు లేకుండా చేశాయి.

మీ ఇంటి కుళాయి నీళ్లను చిన్న సీసాలో పట్టి తెమ్మని ఆహ్వానంలో కోరాను. తెచ్చినవారు వెనక బల్ల దగ్గరికి రండి. టెస్ట్ కిట్ అక్కడే ఉంది; ఒక్కో సీసాకు ఐదు నిమిషాలు పడుతుంది. చుక్కలు మీరే లెక్కపెట్టి వేయండి.