వంటింటి గోడకు టైల్ అడెసివ్: ఏడాది వాడాక నా రివ్యూ

అందరికీ నమస్కారం. ఇది మా వంటిల్లు. స్టవ్ వెనక గోడ మీద టైల్‌ని రూపాయి బిళ్ళతో కొడుతున్నాను, వినండి. టక్ టక్ అని గట్టిగా వస్తోంది కదా. ఏడాది కిందట దీన్ని టైల్ అడెసివ్‌తో, అంటే టైల్స్ అతికించడానికి నీళ్ళలో కలిపే రెడీమేడ్ పొడితో, వేయించాం. ఇంతకుముందు ఇదే గోడ మీద కొడితే డబ్బా మోగినట్టు డొల్లగా మోగేది. ఒక రాత్రి రెండు టైల్స్ ఊడి స్టవ్ మీద పడ్డాయి. అదే పొద్దున వంట టైంలో పడుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

అప్పుడు సిమెంటు మాలుతో అతికించారు. ఊడినచోట గోడకు అయిదు ముద్దలు కనిపించాయి, మూలకొకటి, మధ్యలో ఒకటి. మిగతాదంతా ఖాళీ. టైల్ వెనక భాగమైతే షాపులోంచి ఇప్పుడే తెచ్చినంత శుభ్రంగా ఉంది.

ఎందుకంటే అది విట్రిఫైడ్ టైల్, అంటే బాగా కాల్చి గాజులా గట్టిపరిచిన రకం. మామూలు సిరామిక్ గోడ టైల్ తన బరువులో 10 శాతానికి పైగా నీళ్ళు పీలుస్తుంది. ఆ సన్నటి రంధ్రాల్లోకి సిమెంటు పాలు దిగి పట్టుకుంటాయి. విట్రిఫైడ్ పీల్చేది అర శాతం లోపే. మాలుకు పట్టు దొరకదు. అడెసివ్‌లో సిమెంటుతో పాటు పాలిమర్ పొడి ఉంటుంది, అది నున్నటి వెనక భాగాన్ని కూడా పట్టుకుంటుంది. కొనేటప్పుడు సంచి మీద ఐఎస్ 15477 అనే నంబర్ (టైల్ అడెసివ్‌లకు భారతీయ ప్రమాణం), దాని పక్కన టైప్ ఎంతో చూడండి. ఇంట్లో గోడకు విట్రిఫైడ్ అయితే టైప్ 2 కంటే తక్కువది తీసుకోకండి.

ఇక దీంతో వచ్చే అసలు ఇబ్బంది. మాలు అరంగుళం పైనే వేస్తారు కాబట్టి గోడ వంకరున్నా అందులో సర్దేస్తారు. అడెసివ్ మందం 3 నుంచి 6 మిల్లీమీటర్లే. గోడ ముందే సాఫుగా ఉండాలి. మా గోడకు బద్ద ఆనించి చూస్తే ఒకచోట వేలు దూరేంత సందు. పాత పుట్టీ, రంగు పూర్తిగా గీకించి, మళ్ళీ ప్లాస్టరింగ్ చేయించి, నీళ్ళు కొట్టి, ఆరేదాకా ఆగాం. మూడు వారాలు హాల్లో వంట. టెన్షన్ పడ్డ మాట నిజమే, కానీ ఈ పని వదిలేసి అడెసివ్ కొంటే డబ్బు వృథా.

కొలత దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. రెండడుగుల టైల్ అంటాం గానీ అది 600 మిల్లీమీటర్లు. మా గోడ పదడుగులు, అంటే 3048. ఒక మూల నుంచి మొదలుపెడితే అయిదు టైల్స్ అయ్యాక చివర్లో నాలుగు సెంటీమీటర్ల సందు మిగులుతుంది. అక్కడ సన్న పట్టీ అతికిస్తే ఎంత అసహ్యంగా ఉంటుందో ఊహించండి. అందుకే గోడ మధ్యలో గీత గీసి, ఆ గీత మీద జాయింట్ పెట్టి రెండు వైపులకూ వెళ్ళాం. రెండు చివర్లా అడుగు కంటే కాస్త పెద్ద ముక్కలు వచ్చాయి. వరసకు ఆరు టైల్స్, రెండు వరసలకు 12 పట్టాయి.

మా మేస్త్రీ గారు మొదట, "ఇరవై ఏళ్ళుగా సిమెంటుతోనే వేస్తున్నానమ్మా, ఏం కాదు" అన్నారు. ఊడిన టైల్ చూపించాక ఆయనే పళ్ళున్న తాపీ తెచ్చుకున్నారు. ముందు నీళ్ళు, తర్వాత పొడి, కలిపి అయిదు నిమిషాలు ఆగి మళ్ళీ కలపాలి. గోడ మీద తాపీ గీతలన్నీ ఒకే దిశలో లాగాలి. టైల్ వెనక కూడా పల్చగా పూత పూయాలి. ఒకేసారి గోడంతా పూసేయకండి. ఇరవై నిమిషాల్లో పైన పొర కడుతుంది, మన ఎండల్లో ఇంకా ముందే. ఫ్యాన్ ఆపేయండి. మొదటి టైల్ నొక్కిన వెంటనే పీకించి వెనక చూశాను, మూలలతో సహా నిండా అంటుకుంది. ఆ ఒక్క పరీక్ష మీరూ తప్పకుండా చేయించండి. సంచుల్లో కంపెనీ తేడా కంటే, పనిలో ఈ తేడాయే ఎక్కువ.

నలభై చదరపు అడుగులకు 20 కిలోల సంచి అయిపోయి రెండోది విప్పాల్సి వచ్చింది. మాలు కంటే ఖర్చు ఎక్కువే. అయినా విట్రిఫైడ్‌కి నేను దీన్నే వేయిస్తాను. చిన్న సిరామిక్ టైల్స్ అయితే, నానబెట్టి, వెనకంతా మాలు నింపే మేస్త్రీ దొరికితే, సిమెంటుతో కూడా బాగానే నిలుస్తాయి.

జాయింట్‌కు 2 మిల్లీమీటర్ల స్పేసర్ పెట్టాం, మర్నాడు ఆ సందుల్లో ఎపాక్సీ గ్రౌట్, అంటే సిమెంటు బదులు రెసిన్‌తో చేసిన పూత, నింపాం. పక్క గోడకు పాత సిమెంటు గ్రౌటే ఉంది, చూడండి, పసుపు మరకలు ఎలా దిగిపోయాయో. స్టవ్ వెనక మాత్రం తడిగుడ్డతో తుడిస్తే పోతోంది. ఎపాక్సీ గట్టిపడేలోపు టైల్ మీద అంటినదంతా తుడిచేయాలి, ఆరాక చాలా కష్టం.

అన్నట్టు, రెండు టైల్స్ ఎక్కువ కొని, షేడ్ నంబర్ ఉన్న అట్టపెట్టె ముక్కతో సహా అటక మీద పెట్టాను. తర్వాత అదే డిజైన్ దొరికినా రంగు కలవకపోవచ్చు. మీ గోడ కొలత, టైల్ సైజు కామెంట్‌లో రాయండి, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో లెక్కేసి చెప్తాను. ఉంటాను.