మిషిగన్‌లో గీతలు గీసిన 13 మంది

అందరికీ నమస్కారం. ట్రాయ్, నోవై, కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్... ఎటు చూసినా మనవాళ్లు ఉన్నారు. పౌరసత్వం వచ్చినవాళ్లు క్రమం తప్పకుండా ఓటేస్తున్నారు. ఆ ఓటు ఏ నియోజకవర్గంలో పడాలో ఎవరు తేలుస్తున్నారన్నది మాత్రం మనలో ఎక్కువమంది పట్టించుకోలేదు. ఈ రోజు దాని గురించే మాట్లాడదామని వచ్చాను.

పొలం గట్టు వేసే పని పక్క పొలం ఆసామికే అప్పగిస్తే ఏమవుతుందో పల్లెల్లో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. 2011లో ఈ రాష్ట్రంలో జరిగింది అదే. నియోజకవర్గాల హద్దులు గీసేది అప్పట్లో రాష్ట్ర చట్టసభే. దాని రెండు సభలూ, గవర్నర్ పదవీ రిపబ్లికన్ల చేతిలో ఉన్నాయి. మ్యాపులు వాళ్ల సలహాదారులు తలుపులు వేసుకుని తయారు చేశారు. 2018లో రాష్ట్ర దిగువ సభకు డెమొక్రాట్లకే ఎక్కువ ఓట్లు వచ్చాయి. సీట్లు మాత్రం రిపబ్లికన్లకు 58, డెమొక్రాట్లకు 52. ఇది ఒక్క పార్టీ జబ్బు కాదండీ, ఇలినాయ్‌లో డెమొక్రాట్లు చేసిందీ ఇదే.

2016 ఎన్నికలైన కొద్ది రోజులకే కేటీ ఫేహీ అనే 27 ఏళ్ల అమ్మాయి ఫేస్‌బుక్‌లో ఒక చిన్న పోస్టు పెట్టింది. ఈ గీతల సంగతి తేల్చాలనుకుంటున్నాను, కలిసొచ్చేవాళ్లు చెప్పండని దాని సారాంశం. అక్కడ మొదలై, జీతం తీసుకోని వాలంటీర్లు 4 లక్షల 25 వేలకు పైగా సంతకాలు సేకరించారు. గీతలు గీసే పని చట్టసభ నుంచి తీసి మామూలు పౌరుల కమిషన్‌కు ఇవ్వాలన్న ప్రతిపాదనకు 2018 నవంబరులో 61 శాతం మంది ఓటర్లు అవునన్నారు. రాష్ట్ర రాజ్యాంగమే మారిపోయింది.

కమిషన్‌లో 13 మంది. నలుగురు డెమొక్రాట్లు, నలుగురు రిపబ్లికన్లు, ఏ పార్టీకీ చెందనివాళ్లు అయిదుగురు. గత ఆరేళ్లలో పోటీ చేసినవాళ్లు, పార్టీ పదవుల్లో ఉన్నవాళ్లు, ప్రభుత్వంలో పైరవీలు చేసే లాబీయిస్టులు పనికిరారు. వాళ్ల భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు కూడా పనికిరారు. మొదటిసారి 9,300 మందికి పైగా దరఖాస్తు పెట్టారు. 2020 ఆగస్టులో లాటరీ తీశారు. ఏ మ్యాపు నెగ్గాలన్నా మెజారిటీ ఒక్కటే చాలదు, ఆ మెజారిటీలో మూడు వర్గాల నుంచీ కనీసం ఇద్దరేసి ఉండాలి. నాకు ఈ నిబంధన అన్నిటికంటే ఇష్టం. అవతలివాళ్లని ఒప్పించకుండా ఎవరికీ పని జరగదు.

మన ఇండియాలో ఈ హద్దులు గీసే డీలిమిటేషన్ కమిషన్‌కు సుప్రీంకోర్టు జడ్జిగా ఉన్న లేదా పనిచేసిన వ్యక్తి అధ్యక్షత వహిస్తారు. ఎంపీలు, ఎమ్మెల్యేలు ఓటు లేని సభ్యులుగా కూర్చుంటారు. 2009 ఎన్నికలకు హైదరాబాద్‌లో ఖైరతాబాద్ ముక్కలైంది, జూబ్లీహిల్స్ కొత్తగా వచ్చింది. అక్కడ ఉండి ఓటేసినవాళ్లని అడుగుతున్నాను, ఆ గీత ఫలానా వీధి దగ్గరే ఎందుకు ఆగిందో మీకెవరైనా చెప్పారా?

మిషిగన్‌లో మాత్రం చెప్పాల్సి వచ్చింది. మ్యాపులు గీసిన సమావేశాలు లైవ్‌లో వచ్చాయి. తెర మీద మ్యాపు ఉంటుంది. ఒక సభ్యుడు ఆ బ్లాకు అటు కలపండి అంటాడు. సాఫ్ట్‌వేర్ నడిపే మనిషి కలుపుతాడు. పక్కన పట్టికలో జనాభా, శాతాలు మారిపోతాయి. ఇంకొకరు వద్దంటారు, మళ్లీ మొదటికొస్తుంది. చూస్తే బోర్ కొడుతుంది, నిజమే. కానీ ఆ విసుగు పుట్టించే గంటలే తర్వాత అక్కరకొచ్చాయి.

ఎలాగంటే, ఈ 13 మంది ఒక పెద్ద తప్పు చేశారు. డెట్రాయిట్ జనాభాలో నాలుగింట మూడొంతులకు పైగా నల్లజాతివాళ్లే. జాతి కారణంగా ఎవరి ఓటు బలమూ తగ్గకూడదనే ఓటింగ్ హక్కుల చట్టం ప్రకారం ఒక్కో నియోజకవర్గంలో వాళ్ల శాతం ఇంత ఉంటే చాలని నిపుణులు చెప్పారు. కమిషన్ నగరానికి ఉత్తర హద్దయిన ఎయిట్ మైల్ రోడ్డు దాటించి, నగరాన్ని చీలికలుగా శివార్లలో కలిపింది. 2021 అక్టోబరులో డెట్రాయిట్ జనం మైకు ముందుకొచ్చి, ఇలా చేస్తే పార్టీ అభ్యర్థిని ఎంచే ప్రైమరీ ఎన్నికల్లోనే మావాళ్లు ఓడిపోతారని మొత్తుకున్నారు. పెద్దగా ఏమీ మారలేదు. మామూలు మనుషుల్ని కూర్చోబెట్టింది మామూలు మనుషుల మాట వినడానికే కదా! నిపుణుల మాట ముందు ఆ మాట ఓడిపోయింది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

2023 డిసెంబరులో ముగ్గురు ఫెడరల్ జడ్జీలు 13 నియోజకవర్గాలను కొట్టేశారు, దిగువ సభవి 7, సెనెట్‌వి 6. జాతిని బట్టి గీతలు గీయడమే వాళ్లు పట్టిన తప్పు. రుజువు ఎక్కడిది? కమిషన్ రికార్డుల నుంచే. ఎవరు ఏ శాతం కోసం ఏ గీత జరిపించారో మాటలతో సహా ఉంది. అంతకుముందు ఒకసారి తలుపులు వేసుకుని మాట్లాడుకుంటే, ఆ రికార్డింగు బయటపెట్టమని 2021 డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆదేశించింది. 2024లో కమిషనే మళ్లీ కూర్చుని డెట్రాయిట్ మ్యాపులు గీసింది, కోర్టు ఒప్పుకుంది.

2022లో దిగువ సభ డెమొక్రాట్లకు 56-54తో వచ్చింది, 2024లో రిపబ్లికన్లకు 58-52తో పోయింది. ఓటరు మనసు మారితే సభ మారుతోంది. లోపాలున్నా ఈ పద్ధతిని నేను వదులుకోనని చెప్పడానికి నాకు ఇది చాలు.

ఇక మన సంగతి. 2030 జనాభా లెక్కలతో పాటు కొత్త కమిషన్ వస్తుంది. ఇక్కడ ఓటరుగా నమోదైన ఎవరైనా, ఇందాక చెప్పిన అడ్డంకులు లేకపోతే, దరఖాస్తు చేయొచ్చు. యాదృచ్ఛికంగా ఎంచిన కనీసం 10,000 మంది ఓటర్లకు ఫారాలు పోస్టులో పంపాలని కూడా రాజ్యాంగంలో ఉంది. మీ ఇంటికి అలాంటి కవరు వస్తే యాడ్స్‌తో పాటు చెత్తబుట్టలో వేయకండి. జీతం గవర్నర్ జీతంలో కనీసం నాలుగో వంతు. అయినా ఉద్యోగం చేసుకుంటూ మోయడం తేలిక కాదు, ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

సభ్యులు కాలేకపోయినా హియరింగ్‌లు ఉంటాయి. మ్యాపులు గీయక ముందే కనీసం పది జరపాలి. ఒకే సంస్కృతి, చరిత్ర, ఆర్థిక ప్రయోజనాలు పంచుకునే జనాన్ని గుర్తించి గీతలు గీయాలని నిబంధన. ఆ జనం మేమేనని మనం చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది? వెళ్లేటప్పుడు తెలుగువాళ్లం చాలామందిమి ఉన్నామని మాత్రమే చెప్పకండి. గుడి ఏ రోడ్డు మీద ఉంది, పిల్లలు ఏ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో చదువుతున్నారు, ఇళ్లు ఏ కూడలి నుంచి ఏ కూడలి దాకా ఉన్నాయో మ్యాపు మీద గుర్తు పెట్టుకుని వెళ్లండి. ఫలానా నాయకుడి సీటు కాపాడమని అడగకండి, పార్టీతో, అభ్యర్థులతో ఉన్న సంబంధాలను లెక్కలోకి తీసుకోకూడదని అదే నిబంధనలో ఉంది.

ప్రశ్నలుంటే అడగండి.