నాయనకు తెలిసిన పని

తమ్ముడు: నమస్కారం. బెంగళూరు నుంచి అక్కా తమ్ముళ్లం మాట్లాడుతున్నాం. మారతహళ్లి ట్రాఫిక్ హారన్లు కొంచెం వినిపిస్తాయి, ఏమీ అనుకోవద్దు. ఈ ఎపిసోడ్ మా నాయన గురించి. పెనుకొండ దగ్గర పల్లెలో వడ్రంగి. పోయిన వారమే సంవత్సరీకం చేసి వచ్చాం. అక్కా, అక్కడ నీకు కోపం వచ్చింది కదా?

అక్క: కోపం కాదురా, బాధ. వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట. "పాపం, చాలా కష్టపడ్డాడమ్మా మీ నాయన" అని. కష్టపడ్డాడు, ఎవరు కాదన్నారు? కానీ అంతటితో వదిలేస్తే ఆయనకు ఏం తెలుసో ఎవరు చెప్తారు? ఆయన చేతిలో ఎంత విద్య ఉండేది!

తమ్ముడు: అయితే బండి చక్రంతో మొదలుపెట్టు.

అక్క: చక్రానికి నల్లతుమ్మ. మాను కొట్టగానే పనిలోకి తీసుకునేవాడు కాదు. చెరువు నీళ్లలో నెలల తరబడి నానబెట్టి, తర్వాత నీడన ఆరబెట్టేవాడు. పచ్చి కట్టె అయితే పురుగు పడుతుంది, ఎండలకు చీలుతుంది. ఆరాక పైన ఉండే తెల్ల కట్టె చెక్కేసి, లోపలి ఎర్రటి చేవనే ఆకులకు, అంటే చక్రం కమ్మీలకు, వాడేవాడు. నడుమ ఇరుసు దూరే కుంభం, దాంట్లోంచి 12 ఆకులు, చుట్టూ వంపు ముక్కలు 6, వాటినే పూటీలంటాం. ఒక్కో పూటీలో రెండేసి ఆకులు దిగాలి. జిగురు పూసేది లేదు. బాడిసతో చెక్కి, ఉలితో తొలిచి, ఒకదాంట్లో ఒకటి బిగించడమే.

తమ్ముడు: చక్రానికి ఇనుప పట్టా వేసే రోజు నేను స్కూల్‌కు పోయేవాడిని కాదు. కమ్మరి మామ వచ్చేవాడు. ఇనుప పట్టా చుట్టూ పిడకలు పేర్చి నిప్పు పెడితే, ఎర్రగా కాలేదాకా అందరం దూరంగా నిలబడి చూసేవాళ్లం.

అక్క: పట్టాను చక్రం చుట్టుకొలత కంటే కొద్దిగా తక్కువ పెడతారు. కాలితే సాగుతుంది. పటకార్లతో ఎత్తి చక్రం మీద దించి, కట్టె అంటుకునేలోపు నీళ్లు పోయాలి. చల్లారే కొద్దీ ఇనుము దగ్గరికి లాక్కుంటుంది, పూటీలనూ ఆకులనూ కుంభంలోకి నొక్కేస్తుంది. ఆ కొద్దిగా తక్కువ అంటే ఎంత అనేదే అసలు సంగతి. మరీ తక్కువైతే ఆకులు వంగిపోతాయి. వదులైతే ఎండాకాలం కట్టె ఇంకా ఆరి పట్టా జారిపోతుంది. కట్టె ఎంత ఆరిందో వేళ్లతో కొట్టి, ఆ చప్పుడు విని కొలత చెప్పేవాడు నాయన. నేను ఇప్పుడు పీణ్యలో మెషిన్ పార్టుల డ్రాయింగులు చూస్తున్నా. మిల్లీమీటర్లో వందో వంతు తేడా గురించి మీటింగుల్లో వాదన జరుగుతుంటే నాకు ఆయనే గుర్తొస్తాడు.

తమ్ముడు: నాకైతే చక్రం కంటే విత్తనాలు వేసే గొర్రు చేయడమే గొప్ప పని అనిపిస్తుంది. మాది వేరుశనగ సీమ. జూన్, జూలైలో వాన పడితే ఆ తడి ఆరేలోపే విత్తాలి, ఎర్రనేలలో తడి నిలవదు. అప్పుడు గొర్రు విరిగితే ఆ రైతుకు పంట పోయినట్టే. నాయన రాత్రంతా లాంతరు పెట్టుకుని బాగుచేసేవాడు, తెల్లారేసరికి గొర్రు చేలో ఉండాలి.

అక్క: గొర్రు దూలంలో కొయ్యలు దిగే రంధ్రాలు సమానంగా, అడుగు ఎడంతో పడాలి. సాలు అటూ ఇటూ పోతే తర్వాత కలుపు తీసే దంతె తోలినప్పుడు మొక్కలు తెగుతాయి. కొయ్యల వాలు బట్టి విత్తనం ఎంత లోతు పడుతుందో తేలుతుంది. వేరుశనగకు రెండంగుళాలు చాలు, మరీ లోతుకు పోతే మొలక పైకి రాలేదు. ఇంకో సంగతి. గొర్రు గొట్టాల పైన గిన్నెలా ఉండే జడ్డిగంలో గింజలు వేసేది ఆడవాళ్లు. అమ్మ కూలికి పోయి వేసేది. సాయంత్రం నాయన అమ్మను కూర్చోబెట్టి అడిగేవాడు, గింజ ఏ గొట్టంలో ఆగుతోంది అని. అమ్మ చెప్తే ఆ వెదురు గొట్టం లోపల గీకి సరిచేసేవాడు. ఊర్లో మంచి గొర్రు అని పేరొచ్చిందంటే అందులో అమ్మ వంతు కూడా ఉంది.

తమ్ముడు: మరి ఇచ్చేవాళ్లా డబ్బులు?

అక్క: డబ్బులెక్కడివి? కోతలప్పుడు మేర. ఇన్ని వేరుశనగ కాయలు, ఇన్ని రాగులు. కరువొస్తే అదీ లేదు. నాయన అడిగేవాడు కాదు. దాన్ని అందరూ మంచితనం అంటారు, నేను పూర్తిగా ఒప్పుకోలేను. మేర రాని ఏడాది అమ్మ గొలుసు తాకట్టుకు పోయింది. ఊరు ఆయన పనికి విలువ కట్టాల్సింది.

తమ్ముడు: ట్రాక్టర్లు, రబ్బరు టైర్ల బండ్లు వచ్చాక చక్రాల పని ఆగిపోయింది. ద్వారబంధాలు, కిటికీలు చేశాడు. తర్వాత బెంగళూరు సైట్లలో సెంట్రింగ్ పలకలు కొట్టాడు. మన హాస్టల్ ఫీజులు ఆ డబ్బులే. ఆ పని గురించి మాత్రం ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు.

అక్క: మాట్లాడడు మరి. చక్రం చేసిన మనిషి, కాంక్రీటు ఆరాక ఊడదీసే పలకలు కొట్టాడు.

తమ్ముడు: పిల్లలంటే ప్రాణం. ఊర్లో ఏ ఇంట బిడ్డ నడక మొదలుపెట్టినా మూడు చక్రాల నడక బండి చేసిచ్చేవాడు. దానికి మేర లెక్క లేదు.

అక్క: కట్టె నునుపు చేసే తోపుడా నన్ను పట్టనిచ్చాడు చూడు, అది నాకు పెద్ద విషయం. ఆడపిల్లకెందుకు అని ఎవరో అంటే, "దాని చెయ్యి నిలకడగా ఉంది" అన్నాడు, అంతే. నారకు ఎదురు తోస్తే కట్టె లేస్తుంది, చూసి తోయాలి అని వేలితో తడిమి చూపించేవాడు. పెద్దయ్యాక ఇక్కడికొస్తే మైసూరు రోడ్డులో టింబర్ యార్డుకే తీసుకుపొమ్మనేవాడు గుర్తుందా?

తమ్ముడు: లాల్‌బాగ్ చూపిస్తానంటే వద్దన్నాడు! దుంగ కోసిన ముఖాలు చూసుకుంటూ మధ్యాహ్నం దాకా తిరిగాడు.

అక్క: బాడిస, ఉలులు హిందూపురంలో పని నేర్చుకుంటున్న పిల్లవాడికి ఇచ్చాం. రంధ్రాలు వేసే బరమా నా దగ్గరే పెట్టుకున్నా.

తమ్ముడు: వచ్చే ఎపిసోడ్ కమ్మరి మామతో. వినికిడి తగ్గింది, ఫోన్లో కుదరదు, ఊరికే వెళ్లి రికార్డు చేస్తాం. పట్టా కొలత గురించి ఆయన్ను అడగాల్సినవి మీకేమైనా ఉంటే వాయిస్ మెసేజ్ పంపండి. మీ ఊళ్లో చక్రం భాగాలకు వాడే పేర్లు కూడా చెప్పండి.

అక్క: మీ ఇంట్లో ఇంకా గొర్రు ఉంటే ఫోటో తీసి పంపండి. దూలం రంధ్రాలు కనబడేలా తీయండి.