గంబూట్ల సైకిల్ కొనకండి: ఇంటిల్లిపాదీ తొక్కడానికి సైకిల్ ఎలా ఎంచుకోవాలి

నమస్తే అండీ. నా వెనకాల బాల్కనీలో తువ్వాళ్ళు ఆరేసి ఉన్న వస్తువు కనిపిస్తోందా? అది సైకిల్. మా బావది. నమ్మకపోతే దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తాను, రండి.

(కెమెరా చేత్తో పట్టుకుని బాల్కనీలోకి)

చూడండి. ముందు రెండు షాకప్‌లు, సీటు కింద ఇంకో స్ప్రింగు, రెండు చక్రాలకీ డిస్క్ బ్రేకులు, 21 గేర్లు, ట్రాక్టర్ టైరుకి తమ్ముడిలా ఉన్న టైర్లు. పోయిన సంక్రాంతికి ఆన్‌లైన్లో ఆఫర్ ఉందని కొన్నాడు. ఇప్పటికి తొక్కింది నాలుగుసార్లు. "మోకాళ్ళు పట్టేస్తున్నాయిరా, వయసైపోయింది" అంటాడు. మా బావకి 43 ఏళ్ళు. వయసుకేం కాలేదు, కొన్న సైకిల్ తప్పు, దాన్ని బిగించిన తీరు ఇంకా పెద్ద తప్పు. ఆ రెండోది చివర్లో చెప్తాను, మర్చిపోతే గుర్తు చేయండి.

ఈ వీడియో ఎవరికంటే, ఆదివారం పొద్దున పిల్లల్ని వెంటేసుకుని కాలనీలోనో, హైదరాబాద్ అయితే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచారే సోలార్ కప్పు ఉన్న ట్రాక్, దాని మీదో, విశాఖ అయితే పొద్దున్నే బండ్లని రానివ్వని వేళలో బీచ్ రోడ్డు మీదో, ఐదారు కిలోమీటర్లు సరదాగా తిరిగొచ్చి టిఫిన్ చేసేవాళ్ళకి. రేసులు తొక్కేవాళ్ళు వేరే వీడియో చూసుకోండి, మీకు నేను చెప్పేదేం లేదు, మీరే నాకు చెప్పాలి.

సరే, అసలు నాకు ఒళ్ళు మండే మాట ఒకటుంది. "మన రోడ్లు చూశావు కదా, షాకప్‌లు లేకపోతే నడుం విరుగుతుంది." షాపువాడూ ఇదే అంటాడు, కొనేవాళ్ళూ ఇదే అంటారు, మా అక్క కూడా ఇదే అంది. వినడానికి సబబుగానే ఉంటుంది, అదే దీంతో వచ్చిన ఇబ్బంది.

గంబూట్లు చూశారు కదా, స్లాబ్ పోసే రోజు మేస్త్రీలు, కూలీలు తడి కాంక్రీట్లో దిగడానికి వేసుకునేవి, రొయ్యల చెరువుల దగ్గర పనిచేసేవాళ్ళు వేసుకునేవి. ఆ పనికి వాటిని మించినవి లేవు. అలాగని "మన వీధిలో వానొస్తే బురద కదా" అని పాల ప్యాకెట్ తేవడానికి రోజూ గంబూట్లు వేసుకుని వెళ్తామా? మా బావ సైకిల్ గంబూట్ల సైకిల్. కొండల్లో, రాళ్ళ బాటల్లో దూకించడానికి పుట్టిన ఆకారం అది. పైగా ఆకారం మాత్రమే. నిజంగా కొండ మీద దూకిస్తే మా బావ ఒక పక్కకి, సైకిల్ ఇంకో పక్కకి పోతారు, ఎందుకంటే పదివేల చిల్లర సైకిల్‌కి షాకప్‌లు, డిస్కులు, 21 గేర్లు, రంగురంగుల స్టిక్కర్లు అన్నీ ఇచ్చారంటే ఆ డబ్బు ఎక్కడో మిగుల్చుకోవాలి కదా, అది మీ కంటికి కనబడని చోట మిగుల్చుకుంటారు, బేరింగుల్లో, హబ్బుల్లో, పెడల్ రాడ్లలో.

ఇంతకీ ఆ షాకప్ ఏం చేస్తుందో చూడండి.

(హ్యాండిల్ మీద బరువేసి కిందికి నొక్కుతూ)

నొక్కాను, దిగింది. వదిలాను, టక్కున పైకి తన్నింది. ఖరీదైన వాటిలో ఆ పైకి రావడాన్ని నెమ్మది చేయడానికి నూనె ఉంటుంది, ఇందులో ఉత్త స్ప్రింగు. గట్టిగా తొక్కినప్పుడల్లా, సీటు మీంచి లేచి తొక్కితే మరీనూ, మన ఒళ్ళు కిందికీ పైకీ ఊగుతుంది, ఆ ఊపుకి స్ప్రింగు కూడా ఊగుతుంది, అంటే చక్రానికి పోవాల్సిన బలంలో కొంత స్ప్రింగు తింటుంది. గంబూట్లోకి నీళ్ళు పోయి అడుగడుక్కీ పచక్ పచక్ మంటుంటే నడక ఎలా ఉంటుందో అలా. ఆ షాకప్‌ల బరువు అదనం. రెండు వానాకాలాలు బయట ఉంటే తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, అప్పుడిక దిగేదీ లేదు, లేచేదీ లేదు, మోసుకు తిరగడమే.

మరి గతుకులకి ఏంటి దారి? టైరు. టైరులో గాలే మన షాకప్. పెద్ద షాకప్, బరువు లేనిది, తుప్పు పట్టనిది. టైరు పక్కన 26 x 1.95 అని రాసుంటుంది చూడండి, మొదటిది చక్రం సైజు, రెండోది టైరు వెడల్పు, అంగుళాల్లో. 1.95 అంటే దాదాపు ఐదు సెంటీమీటర్ల గాలి దిండు మీకూ రోడ్డుకీ మధ్య ఉన్నట్టు. మనలాంటి వాళ్ళకి ఒకటిన్నర నుంచి రెండు అంగుళాల లోపు టైరు, పైన గడ్డలు గడ్డలుగా కాకుండా నున్నగా సన్న గీతలుండేది బావుంటుంది. ఆ గడ్డలు మట్టిని పట్టుకోవడానికి, తారు రోడ్డు మీద అవి జుంయ్ మని మోత పెట్టి బండిని వెనక్కి లాగుతాయి. గంబూటు అడుగు చూశారుగా, అదే కథ.

అన్నట్టు ఇక్కడో తమాషా. షాపుల్లో 29 అంగుళాల చక్రం అని ఒకటీ, 700సి అని ఇంకొకటీ చెప్తారు, రెండూ వేరే లోకాలన్నట్టు. టైరు కూర్చునే చోట రిమ్ము కొలత రెండిటికీ 622 మిల్లీమీటర్లే! లావు టైరు ఎక్కిస్తే 29 అంటారు, సన్నది ఎక్కిస్తే 700సి అంటారు. ఇది తెలిసిన రోజు నేను మా ఆవిడకి అరగంట చెప్పాను. ఆవిడ పప్పు కుక్కర్ దించుకుంటూ "అయితే?" అంది. అయితే ఏమీ లేదు, నాకు బావుంది అంతే.

గాలి సంగతి. టైరు మీదే రాసుంటుంది, 40 నుంచి 65 పి.ఎస్.ఐ. అనో మరోటో. ఆ రెండు అంకెల మధ్య ఉంచండి, బరువు తక్కువ ఉన్నవాళ్ళు కింది అంకెకి దగ్గరగా. ట్యూబులోంచి పంక్చర్ లేకపోయినా గాలి మెల్లగా పోతూనే ఉంటుంది, కాబట్టి నెల తర్వాత సైకిల్ బయటికి తీసి "బరువుగా నడుస్తోంది, పాడైంది" అనకండి, గాలి కొట్టండి. మన పాత సైకిళ్ళకి లోపల సన్న రబ్బరు గొట్టం ఉండే వాల్వ్ ఉండేది, గుర్తుందా, అది చిరిగితే పంక్చర్ షాపాయన చిటికెలో ముక్క కోసి తొడిగేవాడు. ఇప్పటివాటికి చాలా వరకు మోటార్ సైకిల్ వాల్వే, కాబట్టి పెట్రోల్ బంకులోనూ కొట్టించవచ్చు, కానీ సైకిల్ ట్యూబు చిన్నది, కారుకి పట్టినట్టు పట్టుకుని కూర్చుంటే ఢాం. కాలితో తొక్కిపట్టి చేత్తో కొట్టే పంపు, మీటరున్నది, ఇంట్లో ఒకటి పడేసుకోండి.

ఇప్పుడు సైజు. ఇక్కడ కాసేపు ఆగుతాను.

మన ఇళ్ళల్లో యూనిఫాం కుట్టించినట్టు సైకిల్ కొంటారు, "ఎదిగే పిల్ల కదా, ఒక సైజు పెద్దది తీసుకో." నాన్న గంబూట్లు వేసుకున్న పిల్లాడు ఎలా నడుస్తాడో అలా తొక్కుతుంది పాపం. మన చిన్నప్పుడు ఫ్రేము సందులోంచి కాలు దూర్చి అద్దె సైకిల్ మీద అర పెడల్ తొక్కలేదా అంటారు. తొక్కాం. మోచేతుల మీద మచ్చలు ఇంకా ఉన్నాయి. పిల్లల సైకిల్ చక్రం కొలతతో వస్తుంది, 12, 14, 16, 20, 24, వయసు చూసి కాదు, పిల్లని తీసుకెళ్ళి ఎక్కించి చూసి కొనండి. సీటు మీద కూర్చుంటే రెండు పాదాల ముందు భాగం నేలకి ఆనాలి, బ్రేకు లీవర్ని వాళ్ళ వేళ్ళతోనే నొక్కగలగాలి. ఈ రెండో పరీక్ష ఎవరూ చేయరు!

పిల్లలు పడిపోకుండా వెనక చక్రానికి రెండు పక్కలా బిగించే చిన్న చక్రాలు నాకు నచ్చవు. సైకిల్ మలుపులో కొంచెం ఒరగాలి, అవి ఒరగనివ్వవు, అంటే పిల్ల నేర్చుకోవాల్సిన ఒక్క విషయాన్నే అవి అడ్డుకుంటాయి. వాటి బదులు పెడళ్ళు రెండూ ఊడదీసి, సీటు బాగా దించి, కాళ్ళతో నేలని తన్నుకుంటూ పోనివ్వండి. కాళ్ళెత్తి జారడం అలవాటయ్యాక పెడళ్ళు బిగించండి. ఊడదీసేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి, కుడి పెడల్ మామూలుగానే ఊడుతుంది, ఎడమ పెడల్ మరలు తిరగబడి ఉంటాయి, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. మొదటిసారి నేను అది తెలియక బలం కొద్దీ బిగించుకుంటూ పోయాను.

పెద్దవాళ్ళ సైజు సులువు. ఫ్రేము మీద నిటారుగా నిలబడితే కింద రెండంగుళాల ఖాళీ ఉండాలి. ఇక సీటు ఎత్తు, మా బావ మోకాళ్ళ రహస్యం ఇక్కడే ఉంది. కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనేలా సీటు దించేసుకుంటారు మనవాళ్ళు, భద్రం అని. కొత్తగా నేర్చుకునే పిల్లలకి అది సరే. పెద్దవాళ్ళు అలా తొక్కితే ప్రతి తొక్కుడుకీ మోకాలు గుంజీలు తీసినట్టు ముడుచుకుంటుంది, నొప్పి రాకేం చేస్తుంది? గోడ పట్టుకుని ఎక్కండి, మడమ పెడల్ మీద పెట్టి పెడల్‌ని అట్టడుక్కి తిప్పండి, కాలు తిన్నగా రావాలి. తర్వాత మామూలుగా పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, అదే సరైన ఎత్తు. ఆగినప్పుడు సీటు మీంచి ముందుకి దిగి నిలబడాలి, ఒక రోజులో అలవాటవుతుంది. బావ సీటు నిన్న నాలుగు వేళ్ళు పైకి లేపాను.

ఆడవాళ్ళ సైకిల్ అని అడ్డ రాడ్డు కిందికి వంగి ఉండేది అమ్ముతారే, అది అందరి సైకిల్. వెనక సీట్లో పిల్లాణ్ణి కూర్చోబెట్టాక కాలు వెనక నుంచి ఎత్తి తిప్పి ఎక్కడం మగవాళ్ళకైనా కుదరదు. చుడీదార్ వేసుకుని తొక్కేవాళ్ళు చైన్ కవరు, వెనక చక్రానికి చున్నీ చిక్కుకోకుండా జాలీ రెండూ అడిగి వేయించుకోండి. మడ్‌గార్డ్, స్టాండు, బెల్లు కూడా. గంబూట్ల సైకిళ్ళకి వీటిలో సగం ఉండవు, ఉంటే షోకు పోతుందట.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా. గేర్లు: 21 అంటే ముందు మూడు, వెనక ఏడు, ఎక్కం చదివి బాక్సు మీద వేశారు, వాటిలో చాలా ఒకదానితో ఒకటి దాదాపు సమానం, ముందు ఒకటి వెనక ఏడు ఉంటే ఫ్లైఓవర్లకి చాలు, కాలనీ వరకే అయితే గేర్లే వద్దు. బ్రేకులు: వానలో డిస్క్ బావుంటుంది, ఒప్పుకుంటాను, కానీ చవక డిస్కు కొంచెం వంగినా కీచుమంటూ రాసుకుంటుంది, రిమ్ము పట్టే మామూలు బ్రేకు ఐతే వీధి చివర సైకిల్ షాపులో కూడా సరిచేస్తారు. బరువు: ఒక్క చేత్తో ఎత్తి చూడండి, లిఫ్టు లేని మూడో అంతస్తు అయితే రెండుసార్లు ఎత్తి చూడండి. హెల్మెట్ అందరికీ, నాన్నకి కూడా. రోడ్డు మీద పిల్లలు ముందు, పెద్దవాళ్ళొకరు వాళ్ళ వెనక.

ఆఁ, బిగించిన తీరు. ఆన్‌లైన్ సైకిల్ 85 శాతం బిగించి పంపుతామంటారు, మిగతా 15 శాతం మీరు. అందులో ఎక్కువమంది చేసే తప్పు, ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఫోర్కు వెనక్కి తిరిగి ఉండగానే హ్యాండిల్ బిగించేయడం. ఇదిగో, దగ్గరగా చూపిస్తాను. ముందు చక్రం ఇరుసు ఫోర్కు గొట్టాలకి కాస్త ముందుకి ఉండాలి, డిస్కుని పట్టే బ్రేకు డబ్బా మీకు ఎడమ చేతివైపు ఉండాలి. ఇక్కడ ఇరుసు వెనక్కి ఉంది, డబ్బా కుడివైపు ఉంది. తిప్పితే పెడల్ మీది కాలు ముందు చక్రానికి తగులుతోంది, హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకుంటోంది. అన్ని నెలలూ ఇలాగే తొక్కాడు. నాలుగుసార్లే తొక్కడం మంచిదైంది.

కాలింగ్ బెల్ మోగుతోంది, బావే అయ్యుంటాడు. తువ్వాళ్ళు తీసేయాలి, ఆరో నంబరు అలెన్ కీ ఎక్కడ పెట్టానో.