ఫోన్-ఇన్: పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్ కవిత్వం, కొత్త సైన్సు

వ్యాఖ్యాత: ఎంఏ ఇంగ్లిష్ విద్యార్థుల సందేహాలకు ప్రొఫెసర్ గారు సమాధానాలిస్తారు. హలో, తెనాలి నుంచి ఎవరు?

శ్రోత: హలో, నమస్తే మేడమ్. వినబడుతోందాండీ?

ప్రొఫెసర్: వినబడుతోందమ్మా. రేడియో సౌండ్ తగ్గించు.

శ్రోత: తగ్గించానండి. ఎంఏ ఫస్టియర్ మేడమ్. జాన్ డన్ ప్రేమ కవితలు బానే ఉన్నాయి గానీ, ‘యాన్ అనాటమీ ఆఫ్ ద వరల్డ్’ దగ్గర ఆగిపోయాను. ఎవరో అమ్మాయి చనిపోతే లోకమే చచ్చిపోయిందంటాడు. గైడ్‌లో ‘కోపర్నికస్ ప్రభావం’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. మా ఫ్రెండేమో అది ఎలిజబెత్ రాణి మీద రాసిందంటుంది...

ప్రొఫెసర్: రాణి కాదు. ఎలిజబెత్ డ్రూరీ అని, 1610 చివర్లో పోయిన చిన్నపిల్ల. డన్ ఆమెను చూడను కూడా లేదు. తండ్రి సర్ రాబర్ట్ డ్రూరీ బాగా ఉన్నవాడు. డన్ చెప్పకుండా పెళ్లి చేసుకుని ఎప్పుడో కొలువు పోగొట్టుకున్నాడు, పోషకుడు కావాలి. 1611లో ఈ పద్యం అచ్చయ్యాక డ్రూరీ అతన్ని యూరప్ యాత్రకు వెంట తీసుకెళ్లాడు. సామాజిక నేపథ్యమంటే ఇలాంటివి. గైడ్ మూసి పద్యం తెరువమ్మా.

శ్రోత: మరి సైన్సు ఎక్కడుందండీ?

ప్రొఫెసర్: కొత్త తత్వం, అంటే భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికస్ తరహా కొత్త సైన్సు, అన్నిటినీ అనుమానంలో పడేసిందనే పంక్తి చూడు. ఆ వెంటనే నిప్పు ఆరిపోయిందంటాడు. ఏ నిప్పు? పాత ఖగోళంలో గాలికి పైన, చంద్రుడికి కింద ఒక నిప్పు పొర ఉండేది. కొత్త లెక్కల్లో దానికి చోటు లేదు. గెలీలియో టెలిస్కోపుతో చంద్రుడి మీద కొండలు, గురుగ్రహం చుట్టూ తిరిగే నాలుగు చుక్కలు చూసి పుస్తకం వేసింది 1610లోనే. అక్కడితో ఆగకు. ఇంకొన్ని పంక్తులు దిగితే రాజు, ప్రజ, తండ్రి, కొడుకు, అందరూ తమ స్థానాలు మరిచారంటాడు. ఆకాశంలో వరస చెడితే ఇంట్లోనూ చెడుతుందన్న భయం అది. పరీక్షలో రెండూ కలిపి రాయి.

శ్రోత: అయితే ఆ అమ్మాయికీ కోపర్నికస్‌కీ సంబంధం ఏంటి మేడమ్?

ప్రొఫెసర్: ఇప్పటిదాకా అదే కదమ్మా చెప్పాను! ఆమె చావు ఒక సాకు. ఆ సాకుతో లోకాన్ని బల్ల మీద పడుకోబెట్టి కోసి చూస్తున్నాడు.

శ్రోత: అంటే సైన్సుకు వ్యతిరేకి అని రాయొచ్చా?

ప్రొఫెసర్: వద్దు, ముద్రలేయొద్దు. భార్యాభర్తల ఎడబాటును గీత గీసే కంపాస్‌తో పోల్చిందీ ఇతనే. గైడ్ మూసెయ్, ముందు పద్యం.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. కరీంనగర్ నుంచి...

శ్రోత: సార్... మేడమ్, కవి మిల్టన్ గెలీలియోను నిజంగా కలిశాడా?

ప్రొఫెసర్: ఇటలీలో కలిశానని 1644లో తనే రాశాడు. అప్పటికి గెలీలియో ముసలివాడు, మతవిచారణ ఖైదీ. మిల్టన్ కావ్యం ‘ప్యారడైజ్ లాస్ట్’ మొదటి భాగంలో సైతాను డాలును దేనితో పోల్చాడో చూడు. టెలిస్కోపులో చూసిన చంద్రుడితో.

వ్యాఖ్యాత: గుంటూరు, చెప్పండి.

శ్రోత: మావాడు ఇంజినీరింగ్ మానేసి లిటరేచర్ అంటున్నాడమ్మా, ఉద్యోగాలు...

ప్రొఫెసర్: అది ఇవాళ్టి విషయం కాదండీ. తిట్టకండి, అంతే.

వ్యాఖ్యాత: చివరి కాల్, హైదరాబాద్.

శ్రోత: ఈ గొడవలో రచయిత్రులెవరూ లేరా మేడమ్?

ప్రొఫెసర్: ఎందుకు లేరు? మార్గరెట్ కావెండిష్. మైక్రోస్కోపులను నమ్మొద్దని 1666లో ఒక పుస్తకంలో వాదించింది. అదే పుస్తకానికి జతగా ‘బ్లేజింగ్ వరల్డ్’ అనే కల్పిత కథ అచ్చేసింది. మరుసటేడు లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి వెళ్లి ప్రయోగాలు చూసొచ్చింది. ఆడవాళ్లకు అక్కడ సభ్యత్వం ఇచ్చింది మాత్రం 1945లో!

శ్రోత: ఇవి నెట్ పరీక్షలో అడుగుతారా మేడమ్?

వ్యాఖ్యాత: సమయం అయిపోయిందండీ. ధన్యవాదాలు.